తడిగొడుగు అడిగిన ప్రశ్న

"మళ్ళీ తెచ్చి హాల్లోనే పెట్టావా ఆ గొడుగుని? నేలంతా చెరువైపోయింది చూడు!"

నానమ్మ కేక వినగానే పిచ్చుక నాలుక కరుచుకుంది. గేటు దగ్గర పడిన పేపరుని ఒక్క చుక్క తగలకుండా తెచ్చానన్న సంబరంలో గొడుగు సంగతే మర్చిపోయింది. అది సోఫా పక్కన తెరిచినది తెరిచినట్టే బోర్లా పడి ఉంది. దాని అంచుల నుంచి నీళ్ళు సన్నగా పాకుతూ తాతయ్య చెప్పుల వైపు వెళుతున్నాయి.

"తడిగొడుగు అది కాదు, నువ్వే! ఎక్కడ నిలబడితే అక్కడ కారుతూ ఉంటావు," అంటూ నానమ్మ మనవరాలి తల మీద మెత్తగా ఒక మొట్టికాయ వేసింది.

పిచ్చుక కిచకిచ నవ్వింది. ఆ నవ్వు వల్లనే ఆ పిల్లకి ఆ ముద్దుపేరు. ఎనిమిదో తరగతికి వచ్చినా గొంతు పెరగలేదు. ఏం మాట్లాడినా చెవి దగ్గర పెట్టి వినాల్సిందే.

పిచ్చుక తల్లి, ఆ ఇంటి కోడలు, వంటింటి గుమ్మంలో నిలబడి అదంతా చూస్తూ సంచిలో తీగలు సర్దుకుంటోంది. ఈరోజు ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆమె బళ్ళో సైన్సు టీచరు. ఆన్‌లైన్ క్విజ్ పెట్టి పాఠం ఎంతమందికి ఎక్కిందో అక్కడికక్కడే తెలుసుకునే పద్ధతి మొదట ఆమె తరగతిలోనే మొదలైంది. పెద్ద టీచరమ్మకి అది నచ్చి, అన్ని తరగతుల్లోనూ పెట్టమంది. ఈరోజు వంతు లెక్కల మాస్టారిది. ఆ మాస్టారు ఆమెకి స్వయానా మామగారు.

"నా కళ్ళద్దాలు ఎవరు తీశారు?" మాస్టారు గదిలోంచి గదిలోకి తిరుగుతున్నాడు. "కళ్ళద్దాల షాపు పెట్టుకున్న కొడుకు ఇంట్లో ఉండి, నాకు ఒక్క జత దిక్కులేదు!"

"నెత్తి మీద ఒకటుంది, మెడలో ఒకటుంది నాన్నా. మూడోది ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నాడు కొడుకు, బ్రెడ్డు నములుతూ.

మాస్టారు తల తడుముకుని, ఏమీ జరగనట్టు కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. "అమ్మాయ్, ఆ యంత్రాలన్నీ తెచ్చావా? ముందే చెబుతున్నాను, నా పిల్లలకి అవేవీ అక్కర్లేదు. అర్థమైందా అని అడుగుతాను. అర్థమైంది సార్ అంటారు. అంతే!"

"అందరూ ఒకేసారి అంటారు కదా మావయ్యా, అందులో ఎవరి గొంతు లేదో ఎలా తెలుస్తుంది?"

"ముఖాలు చూస్తే తెలియదూ? ఇన్నేళ్ళ సర్వీసు ఎందుకు మరి?" అని మాస్టారు గొడుగు అందుకున్నాడు.

ముగ్గురూ కలిసే బడికి నడుస్తారు. దారంతా పిచ్చుక, "తాతయ్యా, బురద! తాతయ్యా, ఇటు!" అంటూ ముందు గెంతుతుంది. బడి గేటు దాటగానే మాత్రం నడక మారిపోతుంది. గేటు అవతల ఆయన "సార్", ఆమె "టీచర్". మనవరాలు తన తరగతికి వచ్చిన రోజునే మాస్టారు పెట్టిన రూలు అది. బళ్ళో చుట్టరికాలు ఉండకూడదు. ఇంటి గడప దాటాక బడి మాటలు ఉండకూడదు. సొంత మనవరాలికి ఎక్కువ చెప్పాడనీ, ఎక్కువ మార్కులు వేశాడనీ ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన పట్టుదల. న్యాయంగానే పెట్టాడు కాబట్టి ఇంట్లో ఎవరూ కాదనలేదు.

* * *

తరగతి గదిలో తెర దించి ఉంది. పిల్లల చేతుల్లో ట్యాబులు. ఎవరి ట్యాబు వారిదే, పక్కవాళ్ళకి కనబడకుండా ఒళ్ళో పెట్టుకోవచ్చు. కోడలు వెనక బెంచీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుంది.

"సొంత పేరు రాయనక్కర్లేదు," అందామె పిల్లలతో. "మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. ఎవరు ఏ పేరో నేను వెతకను, ఎవరికీ చెప్పను. ఇది నా మాట."

తెర మీద పేర్లు ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి. వెనకబెంచీ రాజు. ఆకలేస్తోంది. గుండుసూది. ఇంకో ఆకలేస్తోంది. పిల్లలు పగలబడి నవ్వారు. "ఇదేమన్నా నాటకమా?" అని గొణిగినా, మాస్టారి మీసం కింద కూడా ఒక నవ్వు మెదిలింది.

పాఠం రుణ సంఖ్యల గుణకారం. మాస్టారు బోర్డు మీద గీత గీశాడంటే స్కేలు పెట్టినట్టుంటుంది. ఆయన గొంతు వరండా చివరికి వినబడుతుంది. "మైనసూ ప్లస్సూ?" అంటే "మైనస్!" అని తరగతి అరిచింది. "మైనసూ మైనసూ?" అంటే "ప్లస్!" అని కిటికీ రెక్కలు అదిరేలా అరిచింది.

"అర్థమైందా?"

"అర్థమైంది సార్!"

మాస్టారు విజయగర్వంతో కోడలి వైపు చూశాడు. "ఇక నీ క్విజ్ పెట్టుకో టీచర్."

కోడలు మీట నొక్కింది. తెర మీద మూడు గళ్ళు. అర్థమైంది, ఆకుపచ్చ. కొంచెం అర్థమైంది, పసుపు. అర్థం కాలేదు, ఎరుపు. పిల్లలు వంగి ట్యాబులు తాకారు. ఆకుపచ్చ కడ్డీ కొంచెం లేచి ఆగిపోయింది. పసుపు దాన్ని దాటింది. ఎరుపు మెల్లగా, మొహమాటపడుతున్నట్టు, లేచి లేచి ఆ రెండింటి కంటే ఎత్తుగా నిలబడింది.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కడ్డీలు మారలేదు.

అప్పుడే కింద, పిల్లలు ప్రశ్నలు రాసే గడిలో ఒక వాక్యం మెరిసింది. తడిగొడుగు: "మైనస్, మైనస్ కలిస్తే ప్లస్ ఎందుకు అవుతుంది సార్? అలా ఎవరు చెప్పారు?"

పొద్దున హాల్లో మొట్టికాయతో పాటు పడిన మాట కోడలి చెవుల్లో వినబడింది. పేర్లు వెతకనని మాటిచ్చింది. వెతకకుండానే దొరికిపోయింది. మూడో బెంచీలో వంచుకున్న రెండు జడల తల వైపు చూడకుండా ఉండడానికి ఆమె చాలా కష్టపడాల్సి వచ్చింది. నా పిల్ల అడిగింది! జీవితంలో మొదటిసారి తరగతిలో నా పిల్ల ప్రశ్న అడిగింది! లేచి చప్పట్లు కొట్టాలనిపించింది ఆమెకి.

"ఎవరిది ఇది?" మాస్టారి గొంతు మారింది. చెయ్యెత్తి తరగతి మీదుగా వేలు తిప్పాడు. "ఎవరు చెప్పారట! నేను చెప్పాను. చాలదా? ఎవరీ తడిగొడుగు? లేచి నిలబడు!"

ఎవరూ లేవలేదు.

"దొంగ పేరు చాటున దాక్కుని వెటకారాలా? ధైర్యం ఉంటే ముఖం చూపించి అడగాలి!"

"సార్..." అని కోడలు లేచింది. గంట కొట్టారు. పిల్లలు ట్యాబులు అప్పగించి చప్పుడు చేయకుండా బయటికి నడిచారు. మూడో బెంచీ పిల్ల అందరికంటే చివర, గోడ వారగా వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రూలు ఉంది కదా. పిచ్చుక గొడుగు మడిచి, తుడిచి, బాల్కనీలో మూలన పెట్టింది. "ఈరోజు బుద్ధిగా ఉన్నావేంటే!" అని నానమ్మ ఆశ్చర్యపోయింది. పిచ్చుక నవ్వలేదు.

* * *

మర్నాడు మళ్ళీ అదే గది, అదే పాఠం. మాస్టారు మరోసారి చెప్పాడు, నిన్నటి కంటే గట్టిగా. కోడలు మీట నొక్కింది.

ఆకుపచ్చ కడ్డీ ఒక్క ఊపున తెర పైఅంచు దాకా లేచింది. పసుపు లేదు. ఎరుపు లేదు. నూటికి నూరు. ప్రశ్నల గడి ఖాళీ. తమాషా పేర్లు కూడా పోయాయి. ఒకటో నంబరు, రెండో నంబరు అని పొడిపొడిగా అంకెలు మిగిలాయి.

"చూశావా టీచర్!" మాస్టారు చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకున్నాడు. "నూటికి నూరు! నీ యంత్రం మంచిదే!"

కోడలు తెర వైపు చూసింది. అంత పచ్చగా ఉన్న తెర ఆమెకి బోసిగా కనిపించింది.

సాయంత్రం మాస్టారు చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బాతో ఇంటికి వచ్చాడు. వర్షంలో ఐస్‌క్రీమ్ ఏమిటని నానమ్మ బుగ్గలు నొక్కుకుంది. కొడుకు షాపు మూసి అప్పుడే వచ్చి, అడగకుండానే చెంచాలు తెచ్చాడు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

"నూటికి నూరు!" అన్నాడు మాస్టారు. "ఒక్కడు కూడా అర్థం కాలేదనలేదు. నిన్న కాస్త గద్దించేసరికి ఆ తడిగొడుగు ఎటు పోయిందో పత్తా లేదు."

పిచ్చుక చెంచా గిన్నెలోనే ఆగిపోయింది.

"ఇంట్లో బడి మాటలు వద్దన్నది మీరే కదండీ," అంది నానమ్మ.

"ఈ ఒక్కరోజుకి మినహాయింపు!"

"అయితే ఆ మినహాయింపు నాకూ ఇవ్వండి మావయ్యా," అంది కోడలు. మెల్లగానే అంది కానీ అందరూ ఆమె వైపు చూశారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి మామగారి మాటకి ఆమె ఎదురు చెప్పిన రోజు లేదు. "నిన్నటి ఎరుపే నిజం. ఇవాళ్టి పచ్చ అబద్ధం. వాళ్ళకి అర్థం కాలేదు. భయం మాత్రం అర్థమైంది."

మాస్టారి ముఖం ఎర్రబడింది. "అంటే? నాకు పాఠం చెప్పడం రాదంటావు!"

"మీ అంత బాగా చెప్పేవాళ్ళు మన బళ్ళో లేరు. కానీ ఆ పిల్ల... ఆ పిల్లలెవరో అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. ఎవరు అడిగారు అన్నారు గానీ, ఏం అడిగారో చూడలేదు."

"పేరు చెప్పకుండా అడిగితే నేనెందుకు చెప్పాలి? నీకు తెలుసు కదా అదెవరో? నీ కంప్యూటర్లో ఉంటుంది కదా? చెప్పు!"

"చెప్పను."

"ఏం?"

"మాటిచ్చాను మావయ్యా."

"ఒసేయ్, చూశావా మన కోడలు!" అని మాస్టారు భార్య వైపు తిరిగాడు. నానమ్మ ఐస్‌క్రీమ్ గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. కొడుకు గొంతు సవరించుకుని, "ఐస్‌క్రీమ్ కరిగిపోతోంది," అన్నాడు, ఎవరికీ పనికిరాని మాట.

కోడలు ఒక్క నిమిషం ఆలోచించింది. ఆ తర్వాత ఆమె కళ్ళలో ఒక చురుకు మెరిసింది. లేచి వెళ్ళి తన ట్యాబు తెచ్చి బల్ల మధ్య నిలబెట్టింది.

"అందరూ ఫోన్లు తీయండి. పిచ్చుకా, నువ్వు నా ఫోను తీసుకో. ఒక్క ప్రశ్న పెడతాను. మీ అసలు పేర్లు రావు. నేను ఓటు వేయను."

"మాకూ పరీక్షలా!" అంది నానమ్మ, అప్పటికే ఫోను తీసి కళ్ళకి దూరంగా పట్టుకుంటూ. "ఎక్కడ నొక్కాలి? ఒరేయ్, చూడకు నువ్వు, అవతలికి తిరుగు!"

ట్యాబు మీద ప్రశ్న వచ్చింది. "బడి మాటలు ఇంట్లో వద్దు, చుట్టరికం బళ్ళో వద్దు. ఈ రూలు మంచిదేనా?" కింద రెండే గళ్ళు. మంచిది. మార్చాలి.

మాస్టారు ఠక్కున నొక్కాడు. మంచిది గడిలో ఒక్క కడ్డీ లేచింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మార్చాలి గడిలో ఒకటి. దాని మీద ఇంకొకటి. ఆలస్యంగా, భయం భయంగా, మూడోది.

మాస్టారు కుర్చీలో ముందుకి జరిగి చెయ్యెత్తాడు. "ఎవరు మార్చాలన్నది? నువ్వేనా?" అని భార్యని. "ఒరేయ్, నువ్వా?" అని కొడుకుని. "ఇన్నాళ్ళూ ఒక్కరూ నాతో అనలేదే! ఎవరో చెప్పండి!"

"ఇదిగో," అంది నానమ్మ చెంచా గిన్నెలో పెట్టేసి. "ఇలా నిలదీస్తారనే ఎవరూ అనలేదు."

మాట పెద్దగా అనలేదు. కానీ మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నిన్న తరగతిలో బోర్డు ముందు ఎత్తిన చెయ్యి అదే. ఆయన దాన్ని చూసుకుని మెల్లగా దించాడు.

అప్పుడు ట్యాబు మీద చిన్న చప్పుడుతో కింది ప్రశ్నల గడి వెలిగింది. ఎవరో ప్రశ్న రాస్తున్నారు. అక్షరాలు ఒకేసారి వచ్చి పడ్డాయి.

తడిగొడుగు: "ఎందుకు అని అడగడం తప్పా తాతయ్యా?"

మాస్టారు మొదటి మాట చదివాడు. చివరి మాట చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. బల్ల అవతల పిచ్చుక ముఖం ఫోను వెనకాల దాచుకుంది. ఫోను చిన్నది, చెంపల మీద కారుతున్నవి దాని చాటుకి సరిపోలేదు.

"నువ్వా తల్లీ..."

"బళ్ళో అడిగితే మాస్టారి మనవరాలికే రాదంటారు," అంది పిచ్చుక. "ఇంట్లో అడగడానికి రూలు ఒప్పుకోదు. ఇంకెక్కడ అడగను తాతయ్యా? దారిలో అడుగుదామంటే బడి వచ్చేస్తుంది."

మాస్టారు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది, దాన్ని ఎవరూ లేపలేదు. ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి మనవరాలి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి అలా నేల మీద కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నా క్లాసులో నీకు మూడు మైళ్ళ దూరంలో కూర్చున్నాను కదే," అన్నాడు. "న్యాయంగా ఉంటున్నాననుకున్నాను. అందరికీ ఒక సారు ఉన్నాడు, నీకు ఆ సారూ లేకుండా చేశాను, తాతయ్యనీ లేకుండా చేశాను."

పిచ్చుక ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. నానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మెల్లగా లేవండి, మళ్ళీ పట్టేస్తుంది మోకాలు," అంది. కోడలు తల పక్కకి తిప్పుకుంది. ఆమె మాట తప్పలేదు. అందుకు ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

* * *

ఏడుపు అయ్యాక అసలు సంబరం మొదలైంది.

"ఇటు రా," అని మాస్టారు కాగితం తీశాడు. కుండలీకరణాలు, సున్నాలు, బాణాలు వేసి నిరూపణ రాశాడు. "అర్థమైందా?"

పిచ్చుక అలవాటుగా తల ఊపబోయి ఆగింది. తల్లి వైపు చూసింది. "కాలేదు తాతయ్యా."

మాస్టారి కనుబొమలు పైకి లేచాయి. "శభాష్! ఇంకోలా చెబుతాను." రెండో కాగితం. "ఇప్పుడు?"

"కొంచెం. కానీ లెక్కలో అవుతోంది గానీ, కళ్ళకి కనబడటం లేదు."

"కళ్ళకి కనబడాలి!" మాస్టారు ఆ మాటని చప్పరించినట్టు మళ్ళీ అన్నాడు. ఆయన వయసు ఒక్కసారిగా తగ్గిపోయింది. మెడలోని కళ్ళద్దాలు నెత్తి మీదకీ, నెత్తి మీదవి ముక్కు మీదకీ మార్చుకున్నాడు. "కళ్ళకి కనబడే మైనస్ ఏముంది? ఒరేయ్, చెప్పరా!"

"కళ్ళకి కనబడకపోతే నా షాపుకి రావాలి," అన్నాడు కొడుకు. అలా అంటూనే ఏదో తట్టి ఫోను తీశాడు. "ఆగండాగండి. వెనక్కి నడవడం మైనస్ అనుకుందాం. వీడియో వెనక్కి తిప్పడం ఇంకో మైనస్. రెండూ కలిపితే?"

క్షణం సేపు అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత నలుగురి చూపులూ ఒకేసారి నానమ్మ వైపు తిరిగాయి.

"ఏంటి? నా వైపు చూస్తారేంటి?"

"అత్తయ్యా, ఒక్కసారి వరండాలో వెనక్కి నడవండి."

"ఈ వయసులో నాకు వెనక్కి నడకా! పడితే ఎవరు చూస్తారు? మీ లెక్కలా?" అంటూనే నానమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, జుట్టు సవరించుకుని, "ముఖం బాగా వచ్చేలా తియ్యరా," అంది.

ముందుకి ఒకసారి నడిచింది. వెనక్కి ఒకసారి నడిచింది. వెనక్కి నడుస్తూ పూలకుండీని తన్నుకోబోతే మాస్టారు పరుగున వెళ్ళి పట్టుకున్నాడు. ఆ ముక్క తీసేసి మళ్ళీ తీశారు. కొడుకు వీడియోని తిరగేసి ఆడించాడు. వెనక్కి నడిచిన నానమ్మ తెర మీద చక్కగా, రాజసంగా, ముందుకి నడుచుకుంటూ వచ్చింది.

"ప్లస్!" అని పిచ్చుక ఎగిరి గంతేసింది. ఆ పిల్ల అంత గట్టిగా అరవడం ఆ ఇల్లు అదే మొదటిసారి వినడం. "ప్లస్ అయింది తాతయ్యా! కనబడింది!"

* * *

పొద్దున వాన వెలిసింది. తరగతి గదిలోకి వచ్చిన మాస్టారు సుద్దముక్క తీసుకోలేదు. చేతులు వెనక కట్టుకుని పిల్లల ముందు నిలబడ్డాడు.

"మొన్న ఒకరు మంచి ప్రశ్న వేశారు. నేను జవాబు చెప్పకుండా అరిచాను. తప్పు నాది. తడిగొడుగు లేచి నిలబడనక్కర్లేదు. ఎవరూ నిలబడనక్కర్లేదు. ఎందుకు అన్న ప్రశ్న నా క్లాసులో ఏ పేరుతో అయినా రావచ్చు. సరేనా? పేర్లు పెట్టుకోండి మరి!"

పిల్లలు నమ్మలేనట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెర మీద ఒక గుండుసూది భయంగా తొంగిచూసింది. వెంటనే రెండు ఆకలేస్తోందిలు. వెనకబెంచీ రాజు. కొత్తగా చిరిగిన జేబు. కోడలు వెనకాల కూర్చుని ఊపిరి పీల్చుకుంది.

తెర మీద నానమ్మ ప్రత్యక్షమైంది.

"ఈవిడ సెకనుకి రెండు అడుగులు వెనక్కి వేస్తుంది," అన్నాడు మాస్టారు. "అంటే మైనస్ రెండు. ఇప్పుడు వీడియోని మూడు రెట్ల వేగంతో వెనక్కి తిప్పుతాను. అంటే మైనస్ మూడు. ఈవిడ ఎటు వెళుతుంది? ఎంత వేగంగా? ముందు చెప్పండి, తర్వాత చూద్దాం!"

తరగతి తేనెపట్టులా జుమ్మంది. కడ్డీలు లేచాయి. సగంమంది వెనక్కి అన్నారు, సగంమంది ముందుకి అన్నారు. "వెనక్కే సార్!" "కాదురా, తిప్పుతున్నాం కదా!" "సెకనుకి ఆరు!" అని వాదనలు. మాస్టారు కావాలని ఆలస్యం చేశాడు. "చూపించండి సార్! చూపించండి!" అని బల్లలు మోగించారు.

ఆయన మీట నొక్కాడు. నానమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, బస్సు వెళ్ళిపోతున్నట్టు, వరండాలో ముందుకి దూసుకొచ్చింది.

గది పేలిపోయింది. "ప్లస్ ఆరు! ప్లస్ ఆరు!" అని అరుస్తూ పిల్లలు బెంచీలెక్కారు. వరండాలో పోతున్న పెద్ద టీచరమ్మ ఆగి కిటికీలోంచి తొంగిచూసి, తనూ నవ్వు ఆపుకోలేక అక్కడే నిలబడింది. "మళ్ళీ సార్! మళ్ళీ!" అని అడిగితే మాస్టారు నానమ్మని మళ్ళీ పరిగెత్తించాడు.

"ఇక నిజం చెప్పండి," అన్నాడాయన. "ఎవరికి ఎంత ఎక్కింది?"

కడ్డీలు లేచాయి. ఆకుపచ్చ ఎత్తుగా, కానీ తెర అంచుకి అందకుండా ఆగింది. దాని పక్కన పసుపు. చివర బుల్లి ఎరుపు, ఇద్దరిదో ముగ్గురిదో.

కోడలు మామగారి ముఖం చూసింది. నిన్నటి నూటికి నూరు చూసినప్పుడు కూడా ఆ ముఖంలో ఇంత వెలుగు లేదు. ఆయన తెర దగ్గరికి వెళ్ళి ఆ ఎరుపు కడ్డీ మీద వేలితో తట్టాడు, పిల్లాడి వీపు తట్టినట్టు.

"వీళ్ళకి చప్పట్లు కొట్టండి! నిజం చెప్పారు. రేపు మొదట వీళ్ళ కోసమే చెబుతాను. నిన్నటి నూటికి నూరు నాకొద్దు."

చప్పట్ల మధ్యలో ప్రశ్నల గడి వెలిగింది. కోడలు తెర వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందులో తడిగొడుగు లేదు. ఆ పేరు మారిపోయింది.

మాస్టారి మనవరాలు: "అర్థమైంది. కానీ ఇంకో ఎందుకు ఉంది. సున్నాతో ఎందుకు భాగించకూడదు?"

తరగతి మొత్తం మూడో బెంచీ వైపు తిరిగింది. పిచ్చుక తల వంచుకోలేదు. చెంపలు ఎర్రబడినా, రెండు జడలూ వెనక్కి వేసుకుని నిటారుగా కూర్చుని తెర వైపే చూస్తోంది.

మాస్టారు కళ్ళద్దాలు తీశాడు. తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. గంట కొట్టారు. ఒక్క పిల్ల కూడా కదలలేదు.

"దీన్ని కళ్ళకి కనబడేలా చెప్పాలంటే..." అని ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, ఆ బడి గోడల మధ్య ఎన్నడూ పలకని మాటని, వరండా చివరికి వినబడే గొంతుతో పలికాడు.

"తాతయ్య ఇంటికెళ్ళి ఆలోచించుకుని రావాలమ్మా!"